శాసనసభకు బస్తీ పర్యావరణ కోర్కెలు: జాబితా ఎలా తయారు చేయాలి?

వాన కురిసినప్పుడు నాలా గురించి మాట్లాడుకుంటాం, నీళ్లు తగ్గగానే మరచిపోతాం. కానీ నాలాకు డబ్బు కేటాయించేది వానాకాలంలో కాదు, మామూలుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో జరిగే బడ్జెట్ సమావేశాల్లో. అమెరికాలో వర్జీనియాలోని ఆర్లింగ్టన్ కౌంటీ బోర్డు, జనవరిలో రాష్ట్ర శాసనసభ మొదలయ్యేలోపే తన కోర్కెల జాబితాను ఖరారు చేసుకుంటుంది. అదే పనిని ఫలక్‌నుమాలో మన బస్తీ స్థాయిలో చేద్దాం. దసరా వెళ్లగానే మొదలుపెడితే సమయం సరిపోతుంది.

కావలసినవి

- పది, పదిహేను మంది మనుషులు. నీళ్లు పట్టే ఆడవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, పాత చెరువు కట్ట తెలిసిన పెద్దలు తప్పక ఉండాలి.
- ఒక నోటుబుక్కు, బస్తీ మ్యాపు, ఫొటో మీదే తేదీ, స్థలం పడే ఫోను కెమెరా.
- ఇంతకుముందు చేసిన ఫిర్యాదుల నంబర్లు.
- తెలుగు, ఉర్దూ రెండూ రాయగలవారు ఒకరు. ఉర్దూ మన రాష్ట్రంలో రెండో అధికార భాష. కాబట్టి జాబితా రెండు భాషల్లోనూ ఉండాలి.

విధానం

1. నీటి వెంట నడుద్దాం. ఇంటి ముందు నిలిచిన నీళ్ల దగ్గర ఆగవద్దు, అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో ఎగువకు వెళ్లి చూద్దాం. 2020 అక్టోబరు 13 రాత్రి వానకు అల్ జుబైల్ కాలనీ ఇళ్లలోకి వచ్చింది పల్లె చెరువు నీరు. కొద్ది రోజులకే బాలాపూర్ వైపు గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ మునిగింది. నీటికి వార్డు హద్దు తెలియదు. మన కోరిక రాష్ట్రం దాకా వెళ్లవలసింది అందుకే.

2. కాగితాలు అడుగుదాం. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో హెచ్‌ఎండీఏకు దరఖాస్తు పెడదాం. చెరువు పూర్తి నీటిమట్టానికి (ఎఫ్‌టీఎల్) తుది నోటిఫికేషన్ వచ్చిందా? వస్తే తేదీ, మ్యాపు నకలు ఇవ్వండి అని రాస్తే చాలు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు బఫర్ ఉండాలి. జవాబుకు గడువు 30 రోజులు కాబట్టి ఈ మెట్టును వెనక్కి నెట్టకండి.

3. సమస్యలను మూడు గడులుగా విడదీద్దాం. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే, నిదానంగా చేద్దాం.
   - *ఆఫీసు పని:* చెత్త బండి రాకపోతే, నాలాలో పూడిక ఉంటే జీహెచ్‌ఎంసీ సర్కిల్ ఆఫీసు. మ్యాన్‌హోల్ పొంగితే జలమండలి. వీటికి శాసనసభ అక్కర్లేదు.
   - *డబ్బు పని:* నాలా వెడల్పు, పక్క గోడ, చెరువు తూము మరమ్మతు. ఇవి బడ్జెట్ కోర్కెలు.
   - *చట్టం పని:* ఉన్న అధికారం చాలని చోట కొత్త నిబంధన. ఉదాహరణకు, చెరువులు, నాలాల ఆక్రమణలు తొలగించే హైడ్రా 2024 జులైలో ప్రభుత్వ ఉత్తర్వుతో ఏర్పడింది. దానికి చట్టబద్ధమైన అధికారాలు ఇవ్వడానికి అదే ఏడాది జీహెచ్‌ఎంసీ చట్టాన్ని సవరించవలసి వచ్చింది.

   రైలు పట్టాల కింది కల్వర్టు ఈ మూడింటిలోనూ పడదు. రైల్వే కేంద్రానిది, ఆ కాగితం ఎంపీకి ఇవ్వాలి.

4. మూడు కోర్కెలే ఎంచుదాం. ప్రాణాపాయం ఉందా, ఎన్ని ఇళ్లకు మేలు, ఒక ఏడాదిలో మొదలుపెట్టగలరా అని ప్రతి కోరికనూ అడిగి, చేతులెత్తి తేల్చుకుందాం. మిగిలినవి నోటుబుక్కులో భద్రంగా ఉంచుదాం, వచ్చే ఏడాదికి పనికొస్తాయి.

5. ఒక్కో కోరికకు ఒక్క పేజీ. సమస్య, రుజువు, బాధ్యత గల శాఖ, అడిగేది, ఈ వరుసలోనే. “తగు చర్యలు తీసుకోగలరు” అని ముగించవద్దు. “ఈ తూము మరమ్మతుకు ఈ బడ్జెట్‌లో నిధులు కేటాయించాలి” అని స్పష్టంగా రాద్దాం.

6. అందజేద్దాం. సమావేశాలకు కనీసం నెల ముందు మన చాంద్రాయణగుట్ట ఎమ్మెల్యే కార్యాలయంలో ఇద్దాం. చెరువు పక్క నియోజకవర్గంలో ఉంటే అక్కడి ఎమ్మెల్యేకూ ఒక నకలు ఇవ్వాలి. సభలో ప్రశ్నగానో, జీరో అవర్‌లోనో లేవనెత్తమని కాగితంలోనే కోరుదాం. మన నకలు మీద ముద్ర, తేదీ వేయించుకున్నాకే బయటికి వద్దాం.

7. వెంటపడదాం. సమావేశాలు ముగిశాక సభలో వచ్చిన జవాబును, బడ్జెట్ కేటాయింపును మన పేజీతో పోల్చి చూసి, బస్తీలో అందరికీ చదివి వినిపిద్దాం.

తరచూ జరిగే పొరపాట్లు

- ఇరవై కోర్కెలు రాయడం. చదివేవారికి ఏది ముఖ్యమో అందదు.
- వాట్సాప్‌లో తిరిగిన ఫొటోలు జత చేయడం. ఎప్పటివో, ఎక్కడివో తేలదు.
- కబ్జా చేశారంటూ పక్కింటివారి పేరు రాయడం. గొడవ పెరిగి కోరిక పక్కకు పోతుంది. సర్వే నంబరు, హద్దు రాస్తే చాలు.
- చెరువులో ఇళ్లున్న పేదల మాట మరవడం. తొలగింపు అడిగే ప్రతి కాగితంలో పునరావాసం కూడా అడగాలి. లేకపోతే బస్తీ రెండుగా చీలుతుంది.
- ఒకరి పేరుతోనే ఇవ్వడం. కనీసం వీధికి ఇద్దరి సంతకాలు ఉండాలి.

మొదటి ఏడాది మూడింటిలో ఒక్కటి కదిలినా అది మంచి ఫలితమే. ఈ ఆదివారం ఎగువ నాలా దాకా నడవండి, మొదటి ఫొటో తీయండి.