లిస్ప్ లూప్‌లో లిస్ట్ కడుతున్నారా? అపెండ్ పక్కన పెట్టి ఈ 3 పద్ధతులు చూడండి

పది ఐటమ్స్‌తో టెస్ట్ చేస్తే ప్రోగ్రామ్ క్షణంలో అయిపోతుంది. అదే ప్రోగ్రామ్‌కి లక్ష ఐటమ్స్ ఇస్తే ల్యాప్‌టాప్ ఫ్యాన్ గిర్రున తిరుగుతుంది గానీ రిజల్ట్ ఎంతకీ రాదు. లిస్ప్ కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇది తరచూ ఎదురయ్యే సమస్య. చాలాసార్లు కారణం ఒకే ఒక్క లైన్: లూప్ లోపల రాసిన అపెండ్. కొత్త ప్రాసెసర్ కొన్నా ఇది తీరదు, లిస్ట్ కట్టే పద్ధతి మార్చాలి.

ఉదాహరణకి 10,000 ఫోన్ల లిస్ట్ ఉంది. అందులో 20,000 రూపాయల లోపువి, క్రమం మారకుండా, కొత్త లిస్ట్‌లోకి తీసుకోవాలి. కోడ్‌ని ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాం. టైప్ చేసేటప్పుడు కామన్ లిస్ప్ పదాలకి ఇంగ్లిష్ స్పెల్లింగే వాడండి.

అపెండ్‌తో ఇబ్బంది ఏంటి?

1958లో ఎంఐటీలో జాన్ మెకార్తీ మొదలుపెట్టిన లిస్ప్‌కి పునాది కాన్స్ సెల్. ఒక్కో సెల్‌లో రెండు గదులుంటాయి. మొదటిది కార్, అందులో విలువ ఉంటుంది. రెండోది కుడర్, అందులో తర్వాతి సెల్ అడ్రస్ ఉంటుంది. రైలు బోగీల్లా అన్నమాట. మన చేతిలో ఉండేది మొదటి బోగీ అడ్రస్ మాత్రమే. ముందు ఇంకో బోగీ తగిలించడం తేలిక. వెనక తగిలించాలంటే రైలంతా నడవాలి.

(సెట్‌ఎఫ్ ఫలితం (అపెండ్ ఫలితం (లిస్ట్ ఫోన్)))

ఈ లైన్ నడవడంతో ఆగదు. పాత లిస్ట్ మొత్తాన్ని కాపీ చేసి, ఆ కాపీ చివర కొత్త సెల్ తగిలిస్తుంది. పదివేల ఫోన్లూ 20,000 లోపువే అనుకోండి. 0 నుంచి 9,999 వరకు కూడితే 4,99,95,000 సెల్స్ కాపీ అవుతాయి. 64 బిట్ ఎస్‌బీసీఎల్‌లో ఒక సెల్ 16 బైట్లు, అంటే దాదాపు 800 ఎంబీ చెత్త! ఎన్‌కాంక్ వాడితే కాపీ తప్పుతుంది, కానీ ప్రతిసారీ చివరిదాకా నడక తప్పదు.

1. పుష్ చేసి తిప్పేయడం

(పుష్ ఫోన్ ఫలితం)

ప్రతి ఫోన్‌నీ ముందే తగిలిస్తాం. లూప్ అయ్యాక లిస్ట్ తలకిందులుగా ఉంటుంది కాబట్టి ఒక్కసారి తిప్పుతాం:

(సెట్‌ఎఫ్ ఫలితం (ఎన్‌రివర్స్ ఫలితం))

మొత్తం 10,000 సెల్స్, ఒక్క రౌండ్ తిప్పుడు. అంతే. ఒక జాగ్రత్త: సెట్‌ఎఫ్ మర్చిపోవద్దు. ఎన్‌రివర్స్ తర్వాత పాత వేరియబుల్‌లో ఏం మిగులుతుందో గ్యారంటీ లేదు. మీరు కొత్తగా కట్టిన లిస్ట్ మీదే దీన్ని వాడండి.

2. తోక గుర్తుపెట్టుకోవడం

రైలు చివర గార్డు ఉన్నట్టు, చివరి సెల్ ఎక్కడుందో ఒక వేరియబుల్‌లో పెట్టుకుంటాం. మొదట ఒక ఉత్తుత్తి సెల్ పెడితే, ఖాళీ లిస్ట్ కోసం వేరే కండిషన్ రాయక్కర్లేదు.

(లెట్* ((తల (లిస్ట్ నిల్)) (తోక తల)) ...)

లూప్‌లో, ఫోన్ దొరికిన ప్రతిసారీ:

(సెట్‌ఎఫ్ (కుడర్ తోక) (లిస్ట్ ఫోన్))
(సెట్‌ఎఫ్ తోక (కుడర్ తోక))

చివర్లో (కుడర్ తల) మన జవాబు. తిప్పే పని లేదు, లూప్ మధ్యలో చూసినా క్రమం సరిగ్గా ఉంటుంది.

3. లూప్ కలెక్ట్

(లూప్ ఫర్ ఫోన్ ఇన్ ఫోన్లు వెన్ (< (ధర ఫోన్) 20000) కలెక్ట్ ఫోన్)

ఎస్‌బీసీఎల్ లాంటి వాటిలో ఇది లోపల తోక పద్ధతే వాడుతుంది. రాయడం మాత్రం ఒక్క లైన్.

ఏది వాడాలి?

మామూలుగా కలెక్ట్ చాలు. డూలిస్ట్ లోపల, చాలా కండిషన్ల మధ్య ఏరాల్సి వస్తే పుష్, ఎన్‌రివర్స్ జోడీ. సొంత మాక్రో రాస్తుంటే, లేదా లిస్ట్ కడుతూనే వరసలో చదవాల్సి వస్తే తోక పద్ధతి.

మీ పాత కోడ్ ఎలా ఉందో తెలియాలంటే దాన్ని (టైమ్ ...) లోపల పెట్టి 1,000 ఐటమ్స్‌తో, తర్వాత 10,000తో రన్ చేయండి. ఎస్‌బీసీఎల్ పట్టిన సమయంతో పాటు వాడిన బైట్లు కూడా చూపిస్తుంది. బైట్లు పది రెట్ల దగ్గర ఆగితే ఆ లూప్‌లో అపెండ్ కాపీల బెడద లేనట్టే. వంద రెట్లకి దగ్గరైతే ఎక్కడో అపెండ్ దాక్కుని ఉంది, వెతకండి!