సహకార పాఠం: పాల కేంద్రంలో ప్రమాదం జరిగితే సంఘం చేయవలసినదేమి?



ఈ నెల పాఠం పశుగ్రాసం గురించి కాదు, పాల ధర గురించీ కాదు. చీకటితోనే లేచి కేంద్రం తలుపు తీసి, మన పాలు కొలిచి, వెన్న శాతం చూచి, క్యాన్లను వ్యానుకెత్తే మనిషి గురించి. ఆ మనిషికి దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నకు చాలా సంఘాలలో సరియైన జవాబు లేదు. అందుచేత ఈ విషయం వ్రాయవలసి వచ్చినది.

జరిగిన సంగతి

కొన్నేండ్ల క్రిందటి మాట. పెద్దవూర ప్రాంతంలో ఒక సంఘం తనిఖీకి వెళ్ళినాము. ఊరి పేరు, మనుషుల పేర్లు ఇక్కడ అవసరం లేదు. కేంద్రంలో కొత్త టెస్టరు కనిపించినాడు. పాత టెస్టరు ఏమైనాడని అడిగితే కార్యదర్శి తల వంచుకున్నాడు.

రెండు నెలల క్రిందట ఆ టెస్టరు పెద్ద సీసాలోని యాసిడ్‌ను చిన్న సీసాలోకి పోస్తూ ఉండగా చేయి జారి, చుక్కలు ఎగిరి కుడి కంట్లో పడినవి. ప్రక్కన ఉన్నవారికి ఏమి చేయాలో తోచలేదు. "పాలు పొయ్యి తమ్మీ, సల్లబడతది" అన్నారట. పాలు పోసినారు, నూనె రాసినారు. ఆస్పత్రికి పోయేటప్పటికి పొద్దెక్కింది. ఆ కంటికి చూపు తిరిగి రాలేదు.

పాలకవర్గం ఆయనకు అయిదు వేల రూపాయలిచ్చి, "ఇక మీద సంఘంతో నాకు ఎట్టి లావాదేవీలు లేవు" అని కాగితం మీద సంతకం తీసుకున్నది. అధ్యక్షులు మాతో ఇట్లా అన్నారు: "మన ఊరి పిలగాడే సార్, సంఘం గూడ మనదే. మనలో మనకు నష్టపరిహారమేంది?"

ఆ మాటలో కుళ్ళు లేదు, తెలియనితనం ఉన్నది. పుస్తకాలు తిరగవేస్తే హాజరు పట్టీలో ఆ టెస్టరు పేరే లేదు. అతని జీతం నెల నెలా "ఇతర ఖర్చులు" క్రింద వ్రాసి ఉన్నది. అంతకు ముందు ఏడాది ఆ పుస్తకాలను తనిఖీ చేసి సంతకం పెట్టినది మేమే. యాసిడ్ అర వైపు చూడలేదు, హాజరు పట్టీ అడగలేదు. ఆ తప్పులో మాకూ వాటా ఉన్నది.

ప్రమాదం ఎక్కడ పొంచి ఉన్నది?

వెన్న శాతం చూచే గెర్బర్ పద్ధతిని స్విట్జర్లాండుకు చెందిన నిక్లాస్ గెర్బర్ 1891లో రూపొందించినాడు. అందులో 10 మిల్లీలీటర్ల గాఢ గంధకామ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు కలుపుతారు. యాసిడ్, పాలు కలిసినప్పుడు గొట్టం చేతికి చుర్రుమనేంత వేడెక్కుతుంది. ఇప్పుడు చాలా కేంద్రాలలో ఎలక్ట్రానిక్ యంత్రాలు వచ్చినవి. అయినా కరెంటు పోయినప్పుడో, శాతంపై తగాదా వచ్చినప్పుడో పాత పద్ధతి బయటికి వస్తూనే ఉన్నది. ఈ క్రింది జాగ్రత్తలు మరువరాదు:

1. యాసిడ్‌ను నోటితో పీల్చరాదు. రబ్బరు బుడ్డి గాని, వంచితే కొలత ప్రకారం పోసే సీసా గాని వాడవలెను.
2. గొట్టంలో ముందు యాసిడ్, తరువాత పాలు నెమ్మదిగా గొట్టం అంచు వెంట పోయవలెను. గొట్టాన్ని ఊపేటప్పుడు గుడ్డ చుట్టి, బిరడా ఉన్న వైపు ముఖానికి దూరంగా పెట్టుకోవలెను.
3. యాసిడ్‌ను పలుచన చేయవలసి వస్తే నీళ్ళలో యాసిడ్ పోయవలెను గాని, యాసిడ్‌లో నీళ్ళు పోయరాదు.
4. తిప్పే యంత్రం పూర్తిగా ఆగనిదే మూత తీయరాదు.
5. కంటి అద్దాలు, రబ్బరు తొడుగులు, ముందు కట్టుకునే రబ్బరు గుడ్డ కేంద్రంలో ఉండవలెను. పెట్టెలో దాచి పెట్టరాదు, వాడవలెను.

యాసిడ్ ఒక్కటే కాదు. శీతల కేంద్రంలో తడి నేల మీద కరెంటు తీగలు, జనరేటరు బెల్టుకు కాపు లేకపోవడం, ట్యాంకు కడిగే కాస్టిక్ సోడా, ఇవన్నీ ప్రమాదకరమే. నలభై లీటర్ల క్యానులో పాల బరువే సుమారు 41 కిలోలు, దానికి క్యాను బరువు కూడా కలుపుకోవలెను. ఒక్కడే ఎత్తితే నడుము పడుతుంది. ఇద్దరు పట్టవలెను.

ప్రమాదం జరిగిన వెంటనే

యాసిడ్ కంట్లో పడితే పాలు, నూనె, పసుపు, సోడా ఏదీ పెట్టరాదు. రెప్పలు తెరిచి పట్టుకొని ధారగా మంచినీళ్ళతో కనీసం 15, 20 నిమిషాలు కడుగుతూ ఉండవలెను. పిమ్మట ఆలస్యం చేయక ఆస్పత్రికి తీసుకుపోవలెను. అందుకొరకే యాసిడ్ అర దగ్గర నిండు బకెట్టు, చెంబు ఎల్లప్పుడూ ఉండవలెనని మేము పదే పదే చెబుతున్నాము. కరెంటు షాకు తగిలితే ముందు మెయిన్ ఆపవలెను, ఆ తరువాతనే మనిషిని ముట్టుకోవలెను.

ఆ రోజే మూడు పనులు చేయవలెను: ప్రమాదం తేదీ, సమయం, చూచినవారి పేర్లు పుస్తకంలో వ్రాయుట, డాక్టరు చీటీలు, బిల్లులు భద్రపరచుట, బీమా ఉంటే కంపెనీకి తెలియజేయుట.

నష్టపరిహారం: చట్టం ఏమంటున్నది?

మన దేశంలో ఈ హక్కు కొత్తది కాదు. 1923లోనే చట్టం వచ్చినది. ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్, 2020 వచ్చి, 2025 నవంబరు 21 నుండి అమలులో ఉన్నది. అందులో ఏడవ అధ్యాయం ఉద్యోగుల నష్టపరిహారం గురించినది. పదిమంది గాని, అంతకు మించి గాని పనిచేసే చోట ఇ.ఎస్.ఐ. వర్తిస్తే అక్కడి నుండి సహాయం వస్తుంది. ఇద్దరు ముగ్గురు పనిచేసే గ్రామ సంఘంలో ఇ.ఎస్.ఐ. లేకపోతే భారం యజమాని మీద, అనగా సంఘం మీద పడుతుంది. ఏయే పనులకు చట్టం వర్తించునో రెండవ షెడ్యూలులో ఉన్నది. ఒకరి పని దాని క్రిందికి వచ్చునా రాదా అని తేల్చవలసినది అధికారి. సంఘం తనకు తానే "రాదు" అని తీర్పు చెప్పుకోరాదు.

ముఖ్య విషయాలు ఇవి:

పని చేస్తూ, పని కారణంగా గాయపడితే పరిహారం ఇవ్వవలెను. పనికి వచ్చే పోయే దారిలో జరిగిన ప్రమాదం కూడా, ఉద్యోగంతో సంబంధం రుజువైతే, ఇప్పటి కోడ్ క్రిందికి వస్తుంది. మూడు రోజులకు మించని అశక్తతకు పరిహారం లేదు. త్రాగి పనిచేసినా, రక్షణ సాధనాన్ని కావాలని తీసివేసినా పరిహారం పోవచ్చును. కాని మరణం, శాశ్వత సంపూర్ణ అశక్తత కలిగితే ఈ సాకు చెల్లదు.

తాత్కాలికంగా పని చేయలేకపోతే ప్రతి అర్ధ మాసానికి నెల జీతంలో 25 శాతం ఇవ్వవలెను. వైద్యానికైన అసలు ఖర్చు వేరుగా ఇవ్వవలెను.

శాశ్వత నష్టానికి లెక్క ఇట్లా ఉంటుంది. ఉదాహరణకు నెల జీతం 8,000 రూపాయలు, వయస్సు 40 ఏండ్లు అనుకుందాము. జీతంలో 60 శాతం 4,800. నలభై ఏండ్లకు చట్టంలోని గుణకం 184.17. రెండూ హెచ్చవేస్తే 8,84,016 రూపాయలు. రెండవ కన్ను బాగుండి ఒక కంటి చూపు పోతే సంపాదన శక్తిలో నష్టం 30 శాతమని షెడ్యూలు చెబుతున్నది. అనగా సుమారు 2,65,200 రూపాయలు. అయిదు వేలెక్కడ, ఇదెక్కడ!

హక్కు వదులుకున్నట్లు తీసుకున్న కాగితం చెల్లదు. ఒప్పందం చేసుకుంటే అధికారి వద్ద నమోదు చేయించవలెను. మరణం సంభవించినప్పుడు పరిహారాన్ని ఇంటివారి చేతికి ఇచ్చి ఊరుకుంటే చెల్లింపు అయినట్లు కాదు, అధికారి వద్ద జమ చేయవలెను. మరణం, తీవ్ర గాయం అయితే 7 రోజులలో అధికారికి నివేదిక పంపవలెను. గాయపడినవారు 2 సంవత్సరాల లోపు దరఖాస్తు పెట్టుకోవలెను.

"అధికారి ఉత్తరువు వచ్చిన తరువాత చూద్దాము" అనుకొనుట కూడా పొరపాటే. ఒడిశాలోని జయపురంలో ఒక సినిమా హాలులో 1968లో పనిచేస్తూ పడిపోయి, ఒక వడ్రంగి ఎడమ చేయి పోగొట్టుకున్నాడు. ఆ కేసులో సుప్రీంకోర్టు 1975లో తీర్పు చెబుతూ, పరిహారం బాకీ పడేది గాయం తగిలిన నాడేనని నిర్ణయించినది. ఒక చేయి లేని వడ్రంగి ఆ పనికి పూర్తిగా పనికిరాకుండా పోయినాడని, నష్టం నూటికి నూరుగా కట్టుటను సమర్థించినది. నెల దాటినా చెల్లించకపోతే వడ్డీ, తగిన కారణం లేకపోతే పరిహారంలో సగం వరకు అదనపు జరిమానా పడవచ్చును.

ముందుగా చేసుకోవలసిన ఏర్పాట్లు

పనిచేసే ప్రతి ఒక్కరి పేరు, వయస్సు, జీతం రిజిస్టరులో వ్రాసి సంతకం తీసుకోవలెను. సాధారణ బీమా కంపెనీల వద్ద ఉద్యోగుల నష్టపరిహార పాలసీ తీసుకొనుటకు మహాజన సభలో తీర్మానం చేయవలెను. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనకు ఏడాదికి ప్రీమియం 20 రూపాయలు. ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు, ఒక కంటి చూపు తిరిగి రాకుండా పోతే 1 లక్ష వస్తుంది. ఉద్యోగి చేత అది కట్టించుట మంచిదే. కాని దానితో సంఘం బాధ్యత తీరదు.

ఆ టెస్టరు సంగతి ఏమైనదని అడుగుతారేమో. మేము చట్టం చదివి వినిపించిన తరువాత మహాజన సభ పెట్టినారు. "మా బోనసు ఎందుకు పోవాలె?" అని కొందరు గట్టిగానే అడిగినారు. అప్పుడొక ముసలి సభ్యురాలు లేచి, "పదేండ్లు వాని కన్నుతోనే గద మన పాలకు శాతం చూసినం" అన్నది. ఆ మాటతో సభ నిశ్శబ్దమైనది. ఆ ఏడు బోనసు తగ్గించుకొని, అధికారి వద్ద ఒప్పందం నమోదు చేయించి, సొమ్ము చెల్లించినారు. ఆయన ఇప్పుడు అదే కేంద్రంలో పాలు కొలుస్తున్నాడు. టెస్టింగు చేయడు. పాలసీ తీసుకొని ఉంటే బోనసు తగ్గేది కాదు. నిండు బకెట్టు ఉంటే కన్నే దక్కేదేమో!

సంఘంలో చర్చించుటకు ప్రశ్నలు

1. మన కేంద్రంలో యాసిడ్ సీసా ఎక్కడ ఉన్నది? నీళ్ళ బకెట్టు దానికి ఎన్ని అడుగుల దూరంలో ఉన్నది?
2. మన దగ్గర పనిచేసేవారందరి పేర్లు రిజిస్టరులో ఉన్నవా?
3. రేపు తెల్లవారుజామున ప్రమాదం జరిగితే ఆస్పత్రికి బండి ఎవరిది? డబ్బు ఎక్కడి నుండి?

ఈ మూడింటికి జవాబు దొరకని సంఘం వచ్చే నెల సమావేశంలో దీనినే మొదటి అంశంగా పెట్టుకోవలెనని మా మనవి.