సంతవీధిలో గడచిన దినము

పాఠభాగము: మత్తయి 20:1–16



ఈ ఉపమానమును గూర్చి మనము తరచుగా కూలి విషయమే మాటలాడుదుము. కడపట వచ్చినవారికిని ఒక దేనారమే ఏల ఇయ్యబడెనని వాదించుకొందుము. ఈ నెల మాత్రము సాయంకాలము అయిదు గంటలవరకు పని దొరకక సంతవీధిలో నిలిచినవారి వైపు చూతము. యజమానుడు కారణమడిగినప్పుడు, తమ్మును పిలిచినవారే లేరని వారు చెప్పిరి. అతడు ఆ మాట నమ్మెను, సోమరులని గద్దింపలేదు.

మన సంఘములలో ఈ నమ్మిక తక్కువ. డిగ్రీ చదివి ఇంటనున్న పిల్లవానిని, ఆరాధన ముగిసి మెట్లు దిగుచుండగనే, "ఇంకా ఏమియు దొరకలేదా?" అని నలుగురిలో అడుగుదుము. తరువాతి ఆదివారము అతడు రాడు. రాకపోవుటకును అతనినే తప్పుపట్టుదుము.

హైదరాబాదులో ఉస్మాన్‌గంజ్ అను టోకు వ్యాపారపు పేట కలదు. అది ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు గలది. నాంపల్లి స్టేషనులో రైలు దిగినవాడు మొజంజాహి మార్కెట్టు మీదుగా నడచియే అక్కడికి పోగలడు. మూటలు మోయు పనికై పల్లెలనుండి పడుచువారు అట్టి గంజులకు పోవుచుందురు. హమాలీకి మూట ఉన్నప్పుడే కూలి. ఒక లారీకిని మరియొక లారీకిని నడుమ అతడు కూర్చుండవలసినదే. ఆ గంటలు ఎవరివి? షావుకారువి కావు, ఆయన వాటికి పైకము చెల్లింపడు. అవి కూర్చున్నవానివే.

ఆ గంటలోనికి పేకముక్కలు వచ్చును, సెల్‌ఫోను వచ్చును. అదే గంటలో సరుకు రకములు గుర్తించుట, బిల్లు చదువుట, లెక్క కట్టుట, బజారులో చెల్లు ఉర్దూ మాట నేర్చుకొనవచ్చును. మూటమీది అక్షరములు చదివినవాడెల్ల గుమాస్తా యగునని నేను చెప్పజాలను. గాని చదువలేనివానికి ఆ తలుపు అసలే లేదు.

ఉస్మాన్‌గంజ్‌కు కొద్ది దూరముననే, అఫ్జల్‌గంజ్‌లో మూసీ యొడ్డున, రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము కలదు. అది 1891లో అసఫియా గ్రంథాలయముగా స్థాపింపబడి 1936లో ఇప్పటి భవనమునకు వచ్చినది. ఉద్యోగ పరీక్షలకు సిద్ధపడు యువజనులు అక్కడ ప్రొద్దు పోవువరకు చదువుదురు. వారి పాటు మనకు తెలియవలెను. తెలంగాణలో 2022 ఏప్రిల్‌లో 503 గ్రూప్-1 ఉద్యోగములకు ప్రకటన వచ్చెను. అక్టోబరులో జరిగిన ప్రిలిమినరీ పరీక్ష, ప్రశ్నపత్రములు బయటపడినందున, 2023 మార్చిలో రద్దయ్యెను. జూన్‌లో మరల జరిపినదానిని సెప్టెంబరులో హైకోర్టు రద్దుచేసెను. 2024 ఫిబ్రవరిలో మరల క్రొత్త ప్రకటన! దాదాపు రెండేండ్లు చదివినవాడు తిరిగి మొదటి పుటకు వచ్చెను. ఇతనిని సోమరి యందుమా?

అయినను ఒక మాట చెప్పవలెను. ఒక్క పరీక్షమీదనే బ్రదుకంతయు పెట్టకుడి. పౌలు ధర్మశాస్త్రము చదివినవాడు, అయినను డేరాలు కుట్టుట ఎరిగియుండెను, కొరింథులో ఆ చేతిపనియే అతనికి కూడు పెట్టెను (అపొ. కార్య. 18:3). చదువుతోకూడ కరెంటు పనియో, కుట్టుపనియో, మోటారు మరమ్మతో నేర్చుకొనుడి. అదే పౌలు చెరలోనుండి తిమోతికి వ్రాయుచు అంగీతోపాటు పుస్తకములను కూడ తెమ్మని కోరెను (2 తిమోతి 4:13). చలికి అంగీ ఎంత అవసరమో, కదలలేని దినములకు పుస్తకము అంత అవసరమని అతడెరుగును.

పనిలేనివానికి మొదట పోవునది పైకము కాదు, వేళ. ప్రొద్దెక్కి లేచును, నడిరేయివరకు మేలుకొనును. సోమవారమునకును శనివారమునకును భేదముండదు. కాబట్టి పనికి పోవువానివలెనే వేకువనే లేచి స్నానము చేసి, ఉతికిన బట్టలు కట్టుకొనుడి. ప్రొద్దుట మూడు గంటలు చదువునకు, మధ్యాహ్నము చేతిపనికి, సాయంకాలము గంటసేపు వాడకట్టు పిల్లల పాఠములకు నియమించుకొనుడి. ఆరుదినములు ఇట్లు గడిపినవానికే ఏడవ దినము విశ్రాంతియగును. ఊరక గడిపినవానికి అదియు మరియొక బరువైన దినమే.

తలిదండ్రులతో ఒక మనవి. ఇంటనున్న బిడ్డను "ఖాళీగా ఉన్నది" అని పిలిచి, నీళ్లు, వంట, చంటిబిడ్డ అన్నియు ఆమెపైనే వేయుట న్యాయము కాదు. కుమారునికి చదువు గంట విడిచినట్లే కుమార్తెకును విడువుడి.

సంఘమునకును ఇందులో పాలు కలదు. మెదకులో చార్లెస్ పాస్నెట్ దొరగారు కరువుకు ఆకలిగొని వచ్చినవారికి గంజి పోసి పంపివేయక గుడి కట్టు పని చూపిరి. 1914లో ఆరంభమైన ఆ కట్టడము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. మనకు అంత శక్తి లేదు. గాని మన గుడి సోమవారమునుండి శనివారమువరకు తాళము వేసియే యుండును గదా! ఒక దీపము, రెండు బల్లలు, ఒక వార్తాపత్రిక పెట్టి సాయంకాలము తెరువవచ్చును. రాబోవు సంఘకూటములో దీనిని మాటలాడుకొనుడి. కరెంటు బిల్లు ఎవరు కట్టుదురో, తాళపుచెవి ఎవరియొద్ద ఉండవలెనో ముందుగానే తేల్చుకొనుడి.