లాకులు, రేవులు, ఊళ్లు: మన డెల్టా కాలువల కథ

కాలువ అనగానే మనకి వరి పొలాలు గుర్తొస్తాయి. కానీ రైలు, లారీ రాకముందు గోదావరి, కృష్ణా డెల్టాల్లో కాలువే హైవే కూడా. ఈ వ్యాసంలో ఆ రెండో పని గురించి చెప్తాను. మన ఊళ్లలో కొన్ని అక్కడే ఎందుకు పెరిగాయో దాన్ని బట్టి అర్థమవుతుంది.

ముందు ఆనకట్ట

1833 నాటి కరువు, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన ఈ ప్రాంతాన్ని బాగా దెబ్బతీశాయి. పక్కనే అంత పెద్ద నది ఉన్నా వరద వస్తే మునగడం, రాకపోతే ఎండడం. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం దగ్గర 1847లో ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయింది. అక్కడ నది మధ్యలో లంకలున్నాయి కాబట్టి ఆనకట్టను ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టారు. కాటన్ దొరతో పాటు, దగ్గరుండి పని నడిపించిన వీణం వీరన్న పేరు కూడా మనం గుర్తుపెట్టుకోవాలి. 1855 నాటికి విజయవాడలో కృష్ణ మీద కూడా ఆనకట్ట వచ్చింది.

లాకు ఎలా పనిచేస్తుంది?

ఇక్కడ ఒక చిక్కుంది. నీళ్లు పొలానికి పారాలంటే కాలువకి వాలు కావాలి. పడవ రెండు వైపులా తిరగాలంటే మాత్రం నీరు నిదానంగా ఉండాలి. అందుకే కాలువని మెట్లు మెట్లుగా తవ్వారు. ఒక్కో మెట్టు దగ్గర లాకు కట్టారు. రెండు జతల తలుపులు, మధ్యలో ఒక తొట్టి. కింద నుంచి వచ్చిన పడవ తొట్టిలోకి రాగానే వెనక తలుపులు మూసేస్తారు. పై తూము తెరిస్తే నీళ్లు నిండి పడవ దానంతట అదే పైకి లేస్తుంది. మట్టాలు సమానం అయ్యాక ముందు తలుపులు తీస్తారు. మోటారు లేదు, కరెంటు లేదు. మా తాతయ్య ‘లాకులు’ అంటే అది ఇంగ్లీషు మాట అని అస్సలు అనిపించదు, అంతగా మనదైపోయింది.

సీఎస్ వాళ్లకి ఒక్క ముక్కలో చెప్పాలంటే లాకు ఒక బఫర్. ప్రతి పడవా అక్కడ కాసేపు ఆగాల్సిందే. మనుషులు ఆగిన చోట అన్నం, టీ, బేరం మొదలవుతాయి.

ఊళ్లు ఎక్కడ పెరిగాయి?

కాలువలు ఈ ఊళ్లను కొత్తగా పుట్టించలేదు. ఏలూరు కాలువల కంటే చాలా పాతది, తివాచీలకు పేరున్న ఊరు. కాలువ చేసిందల్లా ఏ ఊరికి ఎంత సరుకు రావాలో మార్చడం.

విజ్జేశ్వరం నుంచి వచ్చే గోదావరి కాలువ, విజయవాడ నుంచి వచ్చే కృష్ణా కాలువ ఏలూరులో కలుస్తాయి. అంటే రెండు నెట్‌వర్క్‌లకు అది జంక్షన్. విజయవాడ నుంచి ఏలూరు, రైవస్, బందరు కాలువలు మూడూ బయల్దేరుతాయి. కోరంగి రేవు ఇసుక మేటలతో పాడవుతున్న కాలంలో కాకినాడ పైకొచ్చింది. సామర్లకోట మీదుగా వచ్చిన కాలువ డెల్టా సరుకుని ఆ రేవుకి చేర్చింది. కృష్ణ అవతల కొమ్మమూరు కాలువ పెదగంజాం దాకా వెళ్లి బకింగ్‌హామ్ కాలువను అందుకుంటుంది. ఆ దారిన కాకినాడలో ఎక్కిన సరుకు పడవలోనే మద్రాసు చేరేది! గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు.

పడవలు పోయాక

రైళ్లకంటే పడవ కాలువలే మన దేశానికి చవకని కాటన్ చివరిదాకా వాదించారు. ఆ వాదన నెగ్గలేదు. 1890ల్లో కోస్తాలో రైలు దారి వచ్చింది, తర్వాత లారీలొచ్చాయి. 2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువల్ని జాతీయ జలమార్గం–4లో చేర్చారు కానీ మన లాకుల దగ్గర ఆ పాత సందడి తిరిగి రాలేదు.

పడవలున్నప్పుడు కాలువ వైపు ఊరికి ముందు గుమ్మం. సరుకు, చుట్టాలు, కబుర్లు అన్నీ రేవులోనే దిగేవి. ఇప్పుడు చాలా చోట్ల అది పెరటి వైపు అయిపోయింది. మురుగు పైపులు, చెత్త సంచులు అటే వెళ్తున్నాయి.

సమస్య ఏంటంటే పడవ ఆగింది కానీ నీరు ఆగలేదు. డెల్టాలో ఎన్నో పల్లెలు వేసవిలో కాలువలు కట్టేసే ముందు అదే నీటితో మంచినీళ్ల చెరువు నింపుకుంటాయి. ఎగువ ఊరు వదిలింది దిగువ ఊరు తాగాలి. శివారు ఊరికైతే పైనున్న ఊళ్లన్నీ వదిలింది వస్తుంది. కాలువ వల్ల పెరిగిన ఊరే కాలువని పాడుచేస్తే, ఆ ఖర్చు కట్టేది కాలువ చివర ఉన్నవాళ్లు. నాకు ఇది చరిత్ర కన్నా ఇవాళ్టి లెక్కలాగే కనిపిస్తోంది.

సంక్రాంతి సెలవులకి డెల్టా వైపు వెళ్లేవాళ్లకి చిన్న హోంవర్క్. మీకు దగ్గరలో ఉన్న లాకు ఎక్కడో కనుక్కోండి. దాని ఎగువ ఊరు ఏది, దిగువన ఆ నీళ్లు చెరువుకి పెట్టుకునే ఊరు ఏది అని అక్కడి పెద్దవాళ్లని అడగండి. తెలుసుకున్నది రాసి పంపితే వచ్చే సంచికకి మనందరం కలిసి ఒక మ్యాపు గీద్దాం.