పాత పెట్టెలో కొత్త పాఠం

నేటి యుగాన్ని విజ్ఞానయుగమని కీర్తించడం పరిపాటి అయినది. అయితే మన చేతిలోని యంత్రం లోపల ఏమి జరుగుతున్నదో ఎరుగకుండా దానిని వాడినంత మాత్రాన మనం విజ్ఞానవంతులం కాజాలము. ఇంటిలోని రూటర్, సెట్‌టాప్ బాక్సు, దుకాణంలోని బిల్లింగ్ యంత్రం, వీటన్నిటిలో ఒక చిన్న కంప్యూటర్ దాగి ఉన్నది. ఏదో ఒక పనికై ఇట్లు కంప్యూటర్‌ను పొదిగిన వస్తువునే ఎంబెడెడ్ పరికరం అంటారు. తయారైన వస్తువును పరిశీలించి, ఫలితం నుండి మూలానికి వెనుకకు నడచి, దాని నిర్మాణ రహస్యాన్ని గ్రహించే విద్యకు రివర్స్ ఇంజనీరింగ్ అని పేరు.

తెలుగు ఉపన్యాసకులకు దీనితో ఏమి పని అని విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. తాళపత్ర గ్రంథాన్ని పరిష్కరించే పండితుడు చేసే పనియు ఇదియే. కవి లేడు, ప్రతి మాత్రమే ఉన్నది. లిపిని పోల్చుకొని, పాఠాంతరాలను సరిచూచి, కవిహృదయాన్ని పట్టుకోవాలి. యంత్రశోధకునికి పరికరమే తాళపత్రం.

ఒక రూటర్ చరిత్ర

ఇందుకు చక్కని ఉదాహరణ ఒకటి కలదు. లింక్‌సిస్ అనే అమెరికా సంస్థ 2002 డిసెంబరులో డబ్ల్యుఆర్‌టీ54జీ అనే రూటర్‌ను విడుదల చేసింది. తొలి నమూనాలో 125 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 16 మెగాబైట్ల ర్యామ్, 4 మెగాబైట్ల ఫ్లాష్ మెమరీ ఉండేవి. ఫ్లాష్‌లో నిలిచి ఉండి యంత్రాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్‌ను ఫర్మ్‌వేర్ అంటారు. 2003లో కొందరు ఔత్సాహికులు దీని ఫర్మ్‌వేర్‌ను శోధించి, అందులో లినక్స్ జాడలు కనుగొన్నారు. లినక్స్ జీపీఎల్ అనే లైసెన్సు క్రింద లభిస్తుంది. దానిని ఎవరైనా వాడవచ్చును, మార్చవచ్చును, అమ్మవచ్చును. కాని పుచ్చుకొన్నవారికి మూలపాఠాన్ని కూడా అందజేయాలి. ఈ నియమాన్ని ఎత్తి చూపిన మీదట సంస్థ అదే ఏట మూలపాఠాన్ని ప్రకటించింది. దాని ఆధారంగా 2004లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే స్వేచ్ఛా ఫర్మ్‌వేర్ అవతరించింది.

2005లో అదే పేరుతో వచ్చిన ఐదవ నమూనాలో సంస్థ లినక్స్‌ను తొలగించి, ర్యామ్‌ను, ఫ్లాష్‌ను సగానికి తగ్గించింది. కాని లినక్స్ కోరేవారి కొరకు డబ్ల్యుఆర్‌టీ54జీఎల్ అనే వేరొక నమూనాను అమ్మకానికి పెట్టవలసి వచ్చింది. తెలిసికొన్న వినియోగదారుని మాటకు ఎంత బలమున్నదో దీనివలన గ్రహింపవచ్చును.

శోధన క్రమం

ఆ రూటర్‌లో నెట్‌వర్క్‌ను పరీక్షించే ఒక పేజీ ఉండేది. అందులో టైపు చేసిన అక్షరాలను యంత్రం వడకట్టకుండా ఆజ్ఞలుగా స్వీకరించేది. ఆ లోపం ద్వారానే ఔత్సాహికులు ఒక అమరికను మార్చి, యంత్రం మేల్కొనేటప్పుడు కొన్ని క్షణాలు ఆగి కొత్త ఫర్మ్‌వేర్ కొరకు ఎదురుచూచేటట్లు చేశారు. ఆ పైన తప్పు ఫర్మ్‌వేర్ ఎక్కినా యంత్రాన్ని బ్రతికించుకొనే మార్గం ఏర్పడింది.

ఇతర పరికరాలలో సాధారణ మార్గం సీరియల్ పోర్టు. బోర్డు మీద వరుసగా నాలుగు చిన్న రంధ్రాలు కనిపిస్తే అనుమానింపవచ్చును. వాటిలో గ్రౌండును, విద్యుత్తు పిన్నును, పంపే పిన్నును, గ్రహించే పిన్నును మల్టీమీటరుతో గుర్తించాలి. చాలా బోర్డులలో ఇవి 3.3 వోల్టులతో పనిచేస్తాయి. 5 వోల్టుల సంకేతమిస్తే చిప్ చెడిపోయే ప్రమాదమున్నది. విద్యుత్తు పిన్నును తగిలించనవసరం లేదు. తక్కిన మూడింటిని తగిన అడాప్టర్ ద్వారా కంప్యూటరుకు కలిపితే, యంత్రం మేల్కొంటూ తన లోపలి సంగతులను అక్షరాలుగా వెల్లడిస్తుంది. ఏ మార్పు చేయకముందే ఉన్న ఫర్మ్‌వేర్‌కు నకలు తీసి భద్రపరచాలి. మూలప్రతిని చెరిపి పరిష్కరణ చేసే పండితుడెవడు?

అమానత్

పాత పరికరంలో పూర్వ యజమాని వైఫై సంకేతపదాలు, ఇతర వివరాలు మిగిలి ఉండవచ్చును. మన పెద్దలు దీనినే అమానత్ అన్నారు. చూడక చెరిపివేయడమే ధర్మం. అట్లే, మనది కాని యంత్రం జోలికి పోరాదు. ఇక 1957 నాటి కాపీరైటు చట్టంలోని 52వ సెక్షను, చట్టబద్ధంగా వాడుకొనే ప్రోగ్రామును పరిశీలించి దాని సూత్రాలను గ్రహించడాన్ని ఉల్లంఘనగా ఎంచదు. తెలిసికోవడం దొంగతనం కాదు.

నాటి రూటర్‌కు నేటి ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ సరిపడదు. 4 మెగాబైట్ల ఫ్లాష్ దానికి చాలదు. కాని దానికంటె ఎక్కువ మెమరీ కలిగి, మూలపడి ఉన్న రూటర్లెన్నో మన ఇండ్లలో ఉన్నవి. తగిన ఫర్మ్‌వేర్ లభిస్తే అవి గ్రంథాలయానికి స్థానిక నెట్‌వర్క్‌గానో, ఉర్దూ, తెలుగు పాఠ్యాంశాలను ఇంటర్నెట్ లేకుండానే అందించే చిన్న సర్వరుగానో మారగలవు.

కళాశాల కమిటీ వారికి మా మనవి ఒక్కటే. ప్రయోగశాలలో ఒక బల్ల, ఒక మల్టీమీటరు, సోల్డరింగ్ ఐరన్, సీరియల్ అడాప్టర్, కొన్ని పాత రూటర్లు ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాము. కొత్త యంత్రం కొనలేని విద్యార్థి జ్ఞానానికి దూరం కానక్కరలేదు. విద్యార్థినీ విద్యార్థులారా! కొన్న వస్తువుకు యజమానులు కావడం సులభం; దానిని చదివి అర్థం చేసికొన్ననాడే ఆ యాజమాన్యం సార్థకమవుతుంది.