రాయి తీసిన దినము

పాఠ్యభాగము: 2 రాజులు 20:1–7, 2 దినవృత్తాంతములు 32:24–26



వ్యాధిలో ప్రార్థించువారు అనేకులు. స్వస్థత పొందిన పిమ్మట దానిని జ్ఞాపకముంచుకొనువారు కొందరే. ఈ మాసపు పాఠము ఈ రెంటిని గూర్చినది.

1. ప్రార్థనయు మందును: హిజ్కియా మరణకరమైన రోగములో కన్నీటితో ప్రార్థించెను. దేవుడతని ఆయుష్షునకు పదునైదు సంవత్సరములు కలిపెను. అయినను యెషయా అంజూరపు పండ్ల ముద్దను తెప్పించి కురుపుమీద వేయించెను. మొర ఆలకించిన దేవుడు మందును త్రోసివేయలేదు.

కనుక మూత్రపిండములో రాయి ఉన్నవాడు ఆసుపత్రికి పోవుట అవిశ్వాసము కాదు. నడుము ప్రక్కనుండి గజ్జవైపునకు దిగు తీవ్రమైన నొప్పి, వాంతులు, మూత్రములో రక్తము దీని గురుతులు. చిన్న రాళ్లు తమంతట తామే పడిపోవచ్చును. అయితే నొప్పితో చలిజ్వరము వచ్చినను, మూత్రము ఆగిపోయినను ఒక్క రాత్రియైన ఆలస్యము చేయరాదు. అది ప్రాణాపాయము. ఎండలో కూలిపని చేయువారు తరచుగా నీళ్లు త్రాగవలెను.

2. ఒక రోగి అనుభవము: ఇంగ్లండు దేశస్థుడైన శామ్యూల్ పీప్స్ బాల్యమునుండి రాతినొప్పితో బాధపడెను. 1658 మార్చి 26న, ఇరువదియైదేండ్ల వయస్సులో, అతని మూత్రాశయమునుండి టెన్నిసు బంతియంత రాయి తీసిరి. నాడు మత్తుమందు లేదు. రోగిని కట్టివేసి కోసెడివారు. అనేకులు ఆ కోతవలననే చనిపోయిరి. పీప్స్ బ్రదికి, ఆ దినమును ఏటేట పండుగగా ఆచరింప నిశ్చయించుకొనెను. దినచర్య గ్రంథములో ఆ తేదీన దేవుని స్తుతించి వ్రాసెను. ఆ రాతిని ఉంచుటకు ఒక పెట్టె కూడ చేయించెను. అతడు పరిశుద్ధుడని పేరొందినవాడు కాడు. తన పాపములను తానే ఆ గ్రంథములో వ్రాసికొనెను. అయినను మేలు మరువలేదు. మరి నలువదియైదేండ్లు జీవించి 1703లో మరణించెను.

నేటి రోగికి ఆ భయము లేదు. 1846లో బోస్టను నగరమున ఈథరు మత్తుతో శస్త్రచికిత్స బహిరంగముగా చేసి చూపిరి. 1980లో జర్మనీలోని మ్యూనిక్ నగరమున కోత లేకుండ, బయటినుండి తరంగములు పంపి, ఒక రోగి మూత్రపిండములోని రాతిని మొదటిసారి పగులగొట్టిరి. పెద్ద రాయియైనను ఇప్పుడు వీపున చిన్న రంధ్రముగుండ తీయుచున్నారు.

3. హిజ్కియా మరచినది: బాగుపడిన రాజు మనస్సున గర్వించెను, పొందిన మేలుకు తగినట్లు నడువలేదు. తరువాత తన్ను తగ్గించుకొనెను. నొప్పిలో మ్రొక్కినవారము, నొప్పి పోగానే ఎట్లున్నాము? కష్టము తక్కువైన కొలది కృతజ్ఞతయు తక్కువ కావలెనా?

ఆలోచించుడి:
మీ యింట ఎవరైన లేచి నడచిన దినమును గుర్తుంచుకొన్నారా? ఆ దినమున ఇంటివారందరు కూడి ప్రార్థించి, ఆసుపత్రికి పోలేని పొరుగువానికి బండికూలి ఇచ్చి పంపగలరా?

ప్రార్థన: ప్రభువా, వ్యాధిలో నిన్ను వెదకిన మేము ఆరోగ్యములో నిన్ను మరువకుండ కాపాడుము. ఆమేన్.