ఫ్యాన్ తిరుగుతోంది, తెర వెలగడం లేదు

బటన్ నొక్కగానే ఫ్యాన్ తిరుగుతుంది, ముందువైపు లైటు వెలుగుతుంది, మానిటర్ మాత్రం నల్లగానే ఉంటుంది. ఒక్కోసారి కంపెనీ లోగో వచ్చి అక్కడే ఆగిపోతుంది. ఈ రెండూ వేరువేరు సమస్యలు. రిపేరు షాపుకు ఫోన్ చేస్తే, ఏది జరిగిందో అడక్కుండానే "తీసుకురండి, ఫార్మాట్ చేసేద్దాం" అనేవాళ్లున్నారు. వెంటనే ఒప్పుకోకండి. ఫార్మాట్ చేస్తే పిల్లల ఫోటోలు, స్కాన్ చేసి దాచుకున్న కాగితాలు పోతాయి. పైగా తెరే వెలగని కంప్యూటర్‌కు దానివల్ల ఒరిగేదేమీ లేదు. అది ఎంతదూరం వచ్చి ఆగిందో ముందు తేల్చుకోవాలి.

కంప్యూటర్ లేవడానికి ఒక వరుస ఉంది. ఎస్ఎంపీఎస్ ఇంటి కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి, అంతా నిలకడగా ఉందని మదర్‌బోర్డుకు సంకేతం పంపుతుంది. అప్పుడు ప్రాసెసర్ మదర్‌బోర్డులోని బయోస్ అనే ప్రారంభ ప్రోగ్రామ్‌ను నడపడం మొదలుపెడుతుంది. బయోస్ ర్యామ్‌నూ గ్రాఫిక్స్‌నూ పరీక్షించాక, విండోస్ ఏ డిస్కులో ఉందో వెతుకుతుంది. లోగో కనిపించిందంటే డిస్కుకు ముందున్న మెట్లన్నీ దాదాపుగా దాటినట్టే. లోగో కూడా రాకపోతే విండోస్ జోలికి ఇప్పుడే పోనక్కర్లేదు.

తెర అసలు వెలగకపోతే బయటినుంచి మొదలుపెట్టండి. మానిటర్ "నో సిగ్నల్" అంటోందా? అయితే మానిటర్‌కు కరెంటు అందుతోంది, బొమ్మ మాత్రం రావడం లేదు. కేబుల్ మార్చి చూడండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టంలో కేబుల్‌ను కార్డుకే పెట్టాలి. ఇల్లు సర్దినప్పుడు అది పొరపాటున మదర్‌బోర్డు పోర్టులోకి మారిపోవడం మామూలే.

తర్వాత ప్లగ్గు పీకేసి, పవర్ బటన్‌ను పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. క్యాబినెట్ పక్క తలుపు విప్పి, పెయింటు లేని ఇనుప భాగాన్ని చేత్తో తాకండి. ఒంట్లోని స్థిర విద్యుత్తు చిప్పులను పాడుచేయకుండా ఈ జాగ్రత్త. ఎస్ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఎప్పుడూ విప్పొద్దు. ప్లగ్గు తీశాక కూడా దాని కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజీ నిలిచి ఉండొచ్చు.

మొదట ర్యామ్‌ను అనుమానించండి. మన దుమ్ముకు, వానాకాలపు చెమ్మకు దాని బంగారు పూత అంచుల మీద పొర కడుతుంది. క్లిప్పులు వెనక్కి నొక్కితే ర్యామ్ పైకి లేస్తుంది. అంచులు పట్టుకుని తీసి, ఆ బంగారు గీతలను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, రబ్బరు పొట్టు కొంచెం కూడా మిగలకుండా మెత్తటి బ్రష్‌తో దులపండి. స్లాటులోని దుమ్మును కూడా బ్రష్‌తోనే తీయండి. నోటితో ఊదితే తుంపర పడుతుంది. ర్యామ్‌లు రెండుంటే ఒక్కటే పెట్టి చూడండి, తర్వాత రెండోది. నాలుగు స్లాట్ల బోర్డులో ఒక్క ర్యామ్‌కు సాధారణంగా ప్రాసెసర్ వైపునుంచి రెండో స్లాటు సరైనది. క్లిప్పు టక్కుమని పడేదాకా గట్టిగా నొక్కాలి. సగం దిగిన ర్యామ్ వల్ల కూడా తెర నల్లగానే ఉండిపోతుంది. డీడీఆర్5 ర్యామ్ అయితే కొంచెం ఓపిక కావాలి: ర్యామ్‌ను తీసి పెట్టాక మొదటిసారి బోర్డు దాన్ని పరిచయం చేసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు. ఆ నల్లటి తెర చూసి కంగారుపడి ఆపేయకండి.

ర్యామ్‌తో పని కాకపోతే ప్రాసెసర్ పక్కనుండే 4 లేదా 8 పిన్నుల కరెంటు వైరు చూడండి. అది ఊడితే ఫ్యాన్లన్నీ తిరుగుతాయి, ప్రాసెసర్ మాత్రం లేవదు. కొత్త బోర్డులు చాలావాటిలో సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న దీపాలుంటాయి. ఏది ఆరకుండా నిలిచిపోయిందో అక్కడే చిక్కు. గ్రాఫిక్స్ కార్డు తీసి చూడాలంటే ముందు ప్రాసెసర్ పేరు చూడండి. ఇంటెల్‌లో చివర "ఎఫ్" ఉన్నవాటికి సొంత గ్రాఫిక్స్ ఉండదు, కార్డు తీస్తే తెర ఎలాగూ రాదు.

ఇక లోగో వచ్చి ఆగిన సిస్టం సంగతి. ఆన్ చేస్తూనే డిలీట్ లేదా ఎఫ్2 నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లి, డిస్కు పేరు కనిపిస్తోందో లేదో చూడండి. కనిపించకపోతే సిస్టం ఆపి, డిస్కుకు వెళ్లే సాటా వైరును రెండు వైపులా తీసి మళ్లీ పెట్టండి. హార్డ్ డిస్కు టక్ టక్‌మని కొట్టుకుంటుంటే వెంటనే ఆపేయండి. మళ్లీ మళ్లీ ఆన్ చేసిన కొద్దీ డేటా దక్కే ఆశ తగ్గుతుంది. డిస్కు కనిపిస్తూ తేదీ మాత్రం ఏళ్ల వెనక్కి పోయి ఉంటే, బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్టు. ఆ 3 వోల్టుల బిళ్ల ఆరిపోతే బయోస్ సెట్టింగులు మొదటికి వస్తాయి, బూట్ వరుస, డిస్కు మోడ్ మారిపోయి విండోస్ తెరుచుకోకపోవచ్చు. బ్యాటరీ వేసి, ఆ సెట్టింగులు తిరిగి సరిచేస్తే చాలు.

డిస్కు బాగానే ఉండి విండోసే లేవకపోతే, లోగో కనిపించగానే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపండి. ఇలా వరుసగా రెండు మూడుసార్లు చేస్తే విండోస్ తనంతట తానే రిపేరు తెరకు వెళ్తుంది. అక్కడ స్టార్టప్ రిపేర్, తర్వాత ఈమధ్య వచ్చిన అప్‌డేట్ తీసేయడం, ఆపైన సేఫ్ మోడ్, ఈ వరుసలో ప్రయత్నించండి. డిస్కుకు వేసిన తాళం లాంటి బిట్‌లాకర్ కీ అడిగితే భయపడొద్దు. ఆ కంప్యూటర్‌లో వాడిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌ను ఫోన్‌లో తెరిస్తే 48 అంకెల కీ సాధారణంగా అందులోనే ఉంటుంది. ఆ రిపేరు తెరలోని రీసెట్ ఆప్షన్ దగ్గరికి మాత్రం డేటా కాపీ అయ్యాకే వెళ్లండి. డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలించి ఫైళ్లు తీసుకోవచ్చు. ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో లేపినా, ఇన్‌స్టాల్ చేయకుండానే ఫైళ్లు బయటికి తెచ్చుకోవచ్చు.

ఇంత చేసినా తెర వెలగకపోతే ఎస్ఎంపీఎస్, మదర్‌బోర్డు, ప్రాసెసర్ మిగిలాయి. వాటిని మార్చి చూడటానికి మంచివి చేతిలో ఉండాలి కాబట్టి షాపుకు వెళ్లడమే సరి. ఏమేం చూశారో, ఏ దీపం దగ్గర ఆగిందో రాసి ఇవ్వండి. డిస్కును మాత్రం ఊడదీసి ఇంట్లోనే ఉంచండి. నల్లటి తెరను బాగుచేయడానికి వాళ్లకు దాని అవసరం లేదు.